కొండరాజు ముక్కుపొడి

దక్షిణ ఐస్‌లాండ్‌లోని ఆ లోయ చరిత్రలో చుట్టూ ఉన్న అగ్నిపర్వతాలు పేలింది మూడుసార్లే. ఓద్నీ ముక్కుపొడి పీల్చిన ఘట్టాలు మాత్రం లెక్కకు అందవు. పర్యవసానాల్లో అవీ తక్కువేం కావు. ఎండాకాలమంతా కొండల్లో మేసిన గొర్రెలను శరత్తులో ఊరికి తోలుకొచ్చే నడకకు నాయకత్వం వహించే మనిషిని అక్కడ కొండరాజు అంటారు. ఆడమనిషైనా రాజే. రాజు ఆగి ముక్కుపొడి డబ్బీ తీస్తే, లోయకు అడ్డంగా బారులు తీరి నడిచే పన్నెండుమందీ ఆగి తమ డబ్బీలు తీయాలి. తాతలనాటి ఆచారం.

ఏడాది పొడవునా బడి బస్సు నడిపే ఓద్నీకి యాభై ఎనిమిదేళ్లు. రాజై రెండేళ్లు. అంతకుముందు రాజు ఆమె బావగారు గ్రీమూర్. పదవి పోయిన బాధను ఆయన గుట్టుగా ఉంచుకోలేదు, ఊరందరికీ పంచిపెట్టాడు.

ఊరు చేరే ఆఖరి రోజున, మధ్యాహ్నం లోపు మంద ఏరు దాటాలి. పొద్దెక్కితే పైన హిమానీనదం కరిగి, మోకాలి లోతు నీళ్లు మెడ దాకా వస్తాయి. దాటించలేని రాజును, ఏటా ఆ సాయంత్రమే జరిగే రాజు ఎన్నికలో మళ్లీ ఎవరు ఎన్నుకుంటారు?

పదకొండు గంటలకు ఏరు కనబడింది. ఆ సంతోషంలో ఓద్నీ డబ్బీ తీసింది. పన్నెండుమందీ భక్తితో ఆగారు. సందు చూసుకుని నలభై గొర్రెలు అగ్నిపర్వతపు బూడిద వాలు మీదికి ఎగబాకాయి.

"రాజుగారికి జలుబా?" అన్నాడు గ్రీమూర్.

"నువ్వెందుకాగావు బావా?"

"ఆచారం తప్పమంటావా? నా హయాంలో ఒక్కనాడైనా తప్పిందా?"

"నీ హయాంలో వేళకు ఏరు దాటిందే లేదు. రెండు రాత్రులు మమ్మల్ని తడి గొర్రెల పక్కన పడుకోబెట్టావు."

"గొర్రెలేమీ అనలేదే."

"వాటికి నీతో చుట్టరికం లేదు. వినండర్రా, ఏరు దాటేదాకా నేను ముక్కు ఊడబెరుక్కున్నా సరే, ఎవరూ ఆగొద్దు."

అని ఆమె వాలెక్కింది. రెండడుగులు పైకేస్తే బూడిద ఒకడుగు కిందికి లాగింది. చుట్టు తిరిగి గొర్రెలకు పైనుంచి వెళ్లి, బస్సులో వెనక సీటు పిల్లల్ని అదిలించే గొంతుతో ఒక్క కేక వేసింది. నలభై గొర్రెలూ బుద్ధిగా దిగొచ్చాయి. మందలో ఆఖరి గొర్రె పొట్టకు నీళ్లు తాకుతుండగా ఏటి అవతలి ఒడ్డెక్కింది. దాని వెనక గ్రీమూర్ మోకాళ్ల దాకా తడిసి, ఆచారాల పతనం గురించి మాట్లాడుతూ ఎక్కాడు.

సాయంత్రం గొర్రెల దొడ్డి దగ్గర మాంసం పులుసు తాగుతూ ఎన్నిక పెట్టారు. ఓద్నీకి పోటీగా ఎవరైనా ఉన్నారా అని అడిగారు. అందరూ గ్రీమూర్ వైపు చూశారు. గ్రీమూర్ పులుసు వైపు చూశాడు.

కొండరాజు తెల్లవారుజామున మూడింటికే లేచి, అందరికీ కాఫీ కాచాలి మరి. అదీ ఆచారమే.