రవ్వంత గోధుమ, కొండంత హవ్వ

అత్తయ్యకు ఆశ్చర్యపోవడం తప్ప మరో పని రాదని గిట్టనివాళ్ళు అనేవారు. అది అన్యాయం. ఆవిడకు చాలా పనులు వచ్చు. కాకపోతే ప్రతి పనికీ ముందు ఒక "హవ్వ" పడాలి. కుళాయిలో నీళ్ళు రాకపోతే హవ్వ. వస్తే, ఇంత ధారగా ఏమిటని ఇంకో హవ్వ. కుడిచెయ్యి నోటిమీదికి పోయేది, కనుబొమలు జుట్టులోకి దూరేవి, మనిషి పక్కన ఏది కనిపిస్తే దానిమీద కూలబడేది. ఒకసారి అలా కూలబడినచోట పక్కింటి దర్జీ అప్పుడే ఇస్త్రీ చేసి పరిచిన కోటు ఉంది. లేచి దాని అవతారం చూసి, ఎవరిదీ ఘోరం అన్నట్టు ఆవిడే మళ్ళీ హవ్వ అంది.

వీధిలో అందరికీ ఆవిడ హవ్వ అత్తయ్యే. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కేకకు చేతిలో ఉన్నది జారవిడిచేది. పోనుపోను చెవి పదునెక్కి, రకాలు పోల్చుకోవడం నేర్చింది. కూరగాయల ధరకు పొట్టి హవ్వ. వీధిలో వాళ్ళ సంగతులకు సాగదీసిన హవ్వ. చెయ్యి మాత్రం నోటికి అడ్డం పెట్టుకునే చప్పుడు లేని హవ్వ ఒకటుంది. అది కూతురి అత్తగారి, అంటే వియ్యపురాలి, వంటకు ప్రత్యేకం.

కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. చాలాకాలంగా కడుపునొప్పి, నీరసం. ఏది తిన్నా ఒంటికి పట్టేది కాదు. ఒకరోజు దుకాణంలో అద్దం ముందే కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తపరీక్షలయ్యాయి, పేగులోంచి చిన్న ముక్క తీసి చూడటమూ అయింది. చివరికి డాక్టరమ్మ దాని పేరు సీలియాక్ అంది. గోధుమలోనూ, బార్లీ లాంటి దాని చుట్టాల్లోనూ ఉండే గ్లూటెన్ పేగును పాడుచేస్తోందనీ, దీనికి మందు లేదనీ, బతికినన్నాళ్ళూ మానెయ్యడమేననీ, రవ్వంత కూడా పనికిరాదనీ చెప్పింది.

ఇంటికొచ్చే బస్సులో కోడలికి జబ్బు భయం కన్నా హవ్వ భయం పట్టుకుంది. పొద్దున రొట్టె, సాయంత్రం రొట్టె, మధ్యలో బిస్కెట్లు తినే ఇల్లది. ఈ మాట వింటే అత్తయ్య అనబోయే హవ్వ గోడ దాటి దర్జీ ఇంటికీ, అక్కణ్ణుంచి వీధి చివరికీ, అటునుంచి వియ్యపురాలి ఇంటికీ చేరిపోతుంది.

అత్తయ్య గచ్చుమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. కోడలు నిలబడే అంతా చెప్పింది. చెప్పి, కళ్ళు మూసుకుంది.

హవ్వ రాలేదు. చెయ్యి నోటిదాకా లేవలేదు.

"బియ్యం పడతాయా?" అంది అత్తయ్య, చాలాసేపటికి.

"పడతాయి అత్తయ్యా."

ఆవిడ చిక్కుళ్ళు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కోడలు కొయ్యబారిపోయింది. కుళాయి నీళ్ళకున్న పాటి హవ్వ తన జబ్బుకు లేదు. ఈ ఇంటికి బరువైపోయాను, అందుకే నోటమాట లేదు అనుకుంది. ఆ ముల్లు లోపల ఉండిపోయింది.

మర్నాటికి హవ్వ తిరిగొచ్చింది, పదింతలై. సరుకుల దుకాణంలో గ్లూటెన్ లేని తిండికి వేరే అర ఉంది. అరచేతిలో ఇమిడే రొట్టె ధర చూసి అత్తయ్య వేసిన కేకకు నిచ్చెనమీది మనిషి డబ్బాలు వదిలేశాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో సన్నక్షరాలకు అలవాటుపడిన కోడలు పొట్లం వెనక ఉన్నది చదివింది. బియ్యప్పిండి, బంగాళాదుంప పిండి, నీళ్ళు, ఇంకేవో కొన్ని.

"హవ్వ. బియ్యం మనింట్లో లేవా? బంగాళాదుంపలు లేవా? ఆఖరికి నీళ్ళు కూడా లేవా?"

ఆ అరలోంచి ఏమీ తీసుకోలేదు. గోధుమ మొహమే చూడని సరుకు ఇంత ఉండగా దాన్ని బతిమాలడమేమిటంటూ బియ్యం, పప్పులు, గుడ్లు, దుంపలు, వేరుశనగలు, ఆకుకూరలతో సంచి నింపింది. మిగతా అరల దగ్గర కోడలు చదవడం, అత్తయ్య అదిరిపడటం. సోయా సాసులో గోధుమ. సూపు పొడిలో గోధుమ. "వీడు అక్కడికెందుకెళ్ళాడు?" అని ఆవిడ నిలదీస్తుంటే దుకాణంవాడు తనే పంపించినట్టు తలవంచుకున్నాడు.

ఆవిడకు సీలియాక్ నోరు తిరగలేదు. సీలయ్య అంది. ఇక ఆ ఇంట్లో సీలయ్య ఒక అతిథి, మహా పట్టింపు మనిషి. కొయ్య గరిటెలు, కొయ్య పీట, పాత జల్లెడ, రొట్టెలు కాల్చే పెనం, ఏళ్ళ తరబడి గోధుమ మరిగినవన్నీ కొడుకు వాటాకు పోయాయి. కోడలి గిన్నెకు, గరిటెకు, చెంచాకు ఎర్రదారం కట్టింది. కొడుకు రొట్టెకు రాసిన కత్తినే మళ్ళీ జాం సీసాలో ముంచాడు. హవ్వ. ఆ సీసా అతనికే రాసిచ్చేసి కోడలికి వేరేది తెచ్చింది. బల్లమీద రవ్వ కనిపిస్తే చాలు, హవ్వ వినిపించేది.

"అమ్మా, నేనీ ఇంట్లో ఉండొచ్చా? నాలో కూడా గోధుమ ఉందేమో చూడు."

"ఉంది. మీసం దులుపుకుని రా."

వంట అంత తేలిగ్గా లొంగలేదు. మొక్కజొన్న పిండితో చేసిన మొదటి రొట్టె పెనాన్ని వదలనంది. రెండోది వదిలింది కానీ ఎంతకీ విరగలేదు. కొడుకు దాన్ని గాలికి కొట్టుకునే తలుపు కింద పెట్టాడు. అప్పుడు అత్తయ్య రొట్టెను అనుకరించడం మానేసింది. అన్నంలోకి ఆకుకూర పప్పు, కాల్చిన దుంపమీద గుడ్డు, పల్చటి శనగపిండి అట్టు. ఖర్చు పెరగలేదు, కోడలి మొహాన నెత్తురు మాత్రం పెరిగింది.

ఒక్క సంగతే కోడలికి సిగ్గనిపించేది. దర్జీ భార్య బిస్కెట్లు పెడితే అత్తయ్య, "హవ్వ, ఇంత బావున్నాయేమిటి," అంటూ పళ్ళెం పళ్ళెమంతా తన ఒళ్ళోకి లాక్కుంది. వీధిలో తిండిపోతన్న పేరు కూడా తోడైంది.

ఇంతలో వియ్యపురాలు భోజనానికి పిలిచింది. కూతుర్నిచ్చిన ఇల్లు, కాదనలేరు. అత్తయ్య ముందే ఫోనులో అంతా చెప్పింది. అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళి కూర్చున్నారు. వియ్యపురాలు చిక్కటి సూపు వడ్డించింది.

"గోధుమ లేకుండానే చేశాను వదినగారూ. చిక్కబడాలని ఓ చెంచాడు మైదా తగిలించానంతే."

కోడలు మైదా కూడా గోధుమేనండీ అని గొణిగింది. వియ్యపురాలి మొహం మాడిపోయింది.

"చెంచాడుకేమవుతుందమ్మా? పొద్దుట్నుంచీ నీకోసమే నిలబడి చేశాను. ఈ కాలం పిల్లలకు పెట్టడం కూడా తప్పే."

బల్ల చుట్టూ అందరూ కోడలినే చూస్తున్నారు. ఒక్కళ్ళూ తినడం లేదు. లోపలి ముల్లు కదిలింది. అందరికీ బరువే, ఈ ఒక్కసారికి మింగేస్తే గొడవ వదులుతుంది అనుకుంది. చెంచా ఎత్తింది. పెదాల దాకా వచ్చింది.

అప్పుడొచ్చింది హవ్వ. పొట్టిదీ కాదు, సాగదీసిందీ కాదు. గాజుగ్లాసులు మోగాయి. వియ్యంకుడికి పొలమారింది. అత్తయ్య కోడలి చేతినీ చెంచానూ కలిపి పట్టుకుని పక్క కుర్చీలో కూలబడింది.

"గుండె దడగా ఉంది. అమ్మాయ్, నన్ను ఇంటికి తీసుకుపో."

ఈవిడకెప్పుడూ ఇంతే అని వియ్యపురాలు అంటుండగానే అత్తయ్య కోడలి భుజంమీద వాలి, కాళ్ళీడ్చుకుంటూ గుమ్మం దాటింది. వీధి మలుపు తిరగ్గానే నిటారుగా నిలబడి, కోడలికన్నా ముందు నడిచి బస్సు స్టాపులో బల్లమీద కూర్చుంది. చేతిసంచీలోంచి డబ్బా తీసి కోడలి ఒళ్ళో పెట్టింది. పప్పన్నం, దుంపల వేపుడు, ఉడికించిన గుడ్డు, ఎర్రదారం చెంచా.

"మీకు బాగానే ఉందా అత్తయ్యా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. తిను."

"వాళ్ళంతా మిమ్మల్ని చూసి నవ్వుకుంటారు."

"నవ్వుకోనీ, నాకలవాటే. నిన్ను చూస్తుంటే నువ్వు చెంచా ఎత్తుతావు. నన్ను చూసి నవ్వుకుంటుంటే నీవైపెవరు చూస్తారు?"

కోడలికి బిస్కెట్ల పళ్ళెం గుర్తొచ్చింది.

"మరి ఆరోజు నేను చెప్పినప్పుడు మాత్రం ఒక్క హవ్వ కూడా అనలేదేం? మీకు బరువయ్యాననుకున్నాను."

అత్తయ్య డబ్బాలోంచి గుడ్డు తీసింది.

"ఆరోజు నిజంగా అదిరిపడ్డానే. నిజంగా అదిరిపడితే నోరెక్కడ లేస్తుంది?"

అంటూ గుడ్డు అందించబోయింది. రెండో చేతి పిడికిట్లో ఇంకా ఏదో మెరుస్తోంది. ఇందాక బల్ల దగ్గర పట్టుకున్న వియ్యపురాలి చెంచా. దాని అంచునుంచి మైదా సూపు బొట్టు ఒకటి సాగి, డబ్బా మీదికి దిగబోతోంది.

"హవ్వ," అంది కోడలు, డబ్బా గబుక్కున పక్కకు లాగేసి.

అత్తయ్య తల ఒకవైపు వాల్చి, సంగీతం విన్నట్టు విన్నది.

"బానే ఉంది. ఇంకాస్త సాగదియ్యాలి."