క్వారీ కింది ఊటనీరు

నాలుగేళ్ల కిందటి చలికాలం. విశాఖలోని ఒక ప్రయోగశాలలో నీటి పరీక్షల విభాగం చూసేదాన్ని. అనంతగిరి కొండల్లోని ఒక గూడెం నుంచి ఫిర్యాదు వచ్చింది. పైనున్న కంకర క్వారీలో పేలుడు జరిగినప్పుడల్లా మర్నాడు ఊటనీరు వగరెక్కుతోందని, పిల్లలు కక్కుకుంటున్నారని. గూడెం మొత్తానికి ఆ ఊటే ఆధారం. క్వారీ అనుమతి పొడిగింపు ఆ నెలలోనే తేలాలి.

గూడెం ఆడవాళ్లు నింపి ఉంచిన సీసాలను పంచాయతీ సిబ్బంది తెచ్చి ఇచ్చారు. నైట్రేటు కనిపించింది. అది ఎరువుల నుంచీ రావచ్చు. మేము వెతికింది టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం కోసం. రాతి రంధ్రంలో మందు గట్టిగా పేలడానికి పెట్టే బూస్టర్‌లో అది ఉంటుంది. దాని జాడ లేదు. ‘నాట్ డిటెక్టెడ్’ అని రాసి సంతకం చేశాను.

విచారణలో క్వారీ మేనేజరు నవ్వాడు. “యూరియా జల్లేది వాళ్లు, మాట పడేది మేము.”

గూడెం వార్డు మెంబరు మార్తమ్మ నా వైపు తిరిగింది. “ఏటి మేడంగోరూ, మా మేకలు ముట్టని నీళ్లు మీ మిషనుకి బాగున్నాయేటి? యూరియా మొకం మేం ఎప్పుడూ సూడనేదు.”

విచారణ జరుపుతున్న అధికారి మరో పరీక్షకు వారం గడువిచ్చారు.

ఈసారి నేనే వెళ్లాను. వణికించే చలి. మార్తమ్మ ఇంటి ముందు బండ మీద నీళ్ల సీసాలు ఎండకు పెట్టి ఉన్నాయి. అందులోంచే గ్లాసులో పోసి ఇచ్చింది.

“ఎండలో ఎందుకమ్మా?”

“సుట్టాలకి సల్లనీళ్లు ఇత్తామేటి? రొమ్ము పట్టేత్తాది.”

“మాకు పంపిన సీసాలు?”

“అయ్యీ ఇక్కడే పెట్టినాం. పంచాయతీవోళ్లు వొచ్చేదాకా రెండ్రోజులు.”

నాకు విషయం అర్థమైంది. టీఎన్‌టీ ఎండకు విరిగి వేరే పదార్థాలుగా మారిపోతుంది. వెలుగు చొరబడే తెల్ల సీసాలో రెండు రోజులుంటే వెతకడానికి ఏమీ మిగలదు. తప్పు నాది. ‘శుభ్రమైన సీసా’ అని మాత్రమే రాసి పంపాను.

చెబితే మార్తమ్మ నోటి మీద చేయి వేసుకుంది. “యేసయ్యా! మా మర్యాదే మా కొంప ముంచిందేటి!”

మేనేజరు కళ్లెదుటే ముదురు గోధుమరంగు గాజు సీసాలు నింపి, సీలు వేసి, ఐసు పెట్టెలో దించాం. క్వారీకి ఎగువనున్న మరో ఊట నీరూ పట్టాం. ప్రయోగశాలలో నీటిని కార్ట్రిడ్జ్ అనే చిన్న గొట్టం గుండా పంపాం. నీరు జారిపోతుంది, పేలుడు పదార్థం లోపల అంటుకుంటుంది. దాన్ని కాస్త ద్రావకంతో కడిగి, పదార్థాలను విడదీసి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రానికి ఇచ్చాం. ముందు మా శుద్ధజలం: తెర మీద గీత చదునుగా సాగింది. ఎగువ ఊట: చదునే. గూడెం ఊట పెట్టాం. టీఎన్‌టీ రావలసిన నిమిషానికి గీత కొండలా లేచింది. దానితో పాటే నేనూ లేచాను.

విచారణలో మేనేజరు మళ్లీ యూరియా పేరెత్తాడు.

“యూరియాలో టీఎన్‌టీ ఉంటే ఈపాటికి రైతులంతా గాల్లో ఉండాలి కదండీ” అన్నాను. అధికారికీ నవ్వాగలేదు. అనుమతి పొడిగించలేదు. ఊట శుభ్రపడేదాకా క్వారీవాళ్లే ట్యాంకరుతో నీళ్లు తోలాలని ఉత్తర్వు ఇచ్చారు.

యంత్రం తనకు అందిన నీటి గురించే చెబుతుంది. అది అందేదాకా ఏం జరిగిందో మనుషుల్నే అడగాలి. అప్పటి నుంచి అడగకుండా ఏ సీసా మూతా తీయలేదు.

రెండు వానాకాలాలు గడిచాక ఊటనీరు వరుసగా మూడు పరీక్షల్లో శుభ్రంగా తేలింది. మార్తమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అవతల ఒక్కసారిగా కేకలు, బిందెల చప్పుడు.

“మేడంగోరూ, బేగి పెట్టేయండి ఫోను! అందరూ ఊటకాడికి ఎల్లిపోతన్నారు, నానే ఎనకబడిపోనాను!”