మామయ్య కడచూపు

నిరుడు తుఫాను రోజుల్లో, జువ్వలదిన్నెలో మా మామయ్య చనిపోయాడని పొద్దున్నే ఫోనొచ్చింది. విడవలూరులో మా దగ్గరున్న అమ్మ, "అన్న మొహం ఒక్కసారి చూపించు నాయనా," అని మా ఆయన చేతులు పట్టుకుంది. వానకు ఆటోలు లేవు. కారు తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది.

పక్కింటి ట్రాక్టరు బ్యాటరీకి వైర్లు కలిపితే స్టార్టయింది. బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలుగుతూనే ఉంది. "పోతావుంటే అదే చార్జవుద్దిలే," అన్నారు మా ఆయన.

సగం దారిలో వైపర్లు నెమ్మదించాయి, ఆపైన ఇంజను ఆగిపోయింది. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటరే పాడైందని అప్పుడుగాని తెలియలేదు. వానలో చెయ్యెత్తి నిలబడితే, ఎంతసేపటికో ఒక చేపల వ్యాను ఎక్కించుకుంది.

మేం చేరేసరికి సమాధుల తోటలో మట్టి పూడ్చేస్తున్నారు.

"నాకోసం కాసేపు ఆగలేకపోతిరా?" అంటూ అమ్మ ఆ బురదలోనే కూలబడింది.

"గుంటలోకి నీళ్లొచ్చేస్తుండాయి అత్తా, ఏం చేసేది?" అని మామయ్య కొడుకూ ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ ఊరి నుంచి ఎవరొచ్చినా, "పెట్టెలో మా అన్న ఎట్టుండాడు?" అని అమ్మ అడుగుతుంది. ఎందరు చెప్పినా ఆమెకు తృప్తి లేదు. ఆమె ముందు కూర్చుని ఆ మాట వినే ధైర్యం నాకింకా రాలేదు.