సన్యాసమ్మ మరిచిపోయిన చింతపండు

పూండి చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు రెండు. ఒకటి రైలు రావడం. రెండోది సన్యాసమ్మ చింతపండు మరిచిపోవడం. మొదటిదాన్ని దొరలు కాగితాలకెక్కించారు. రెండోది రోజూ జరిగేది కనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజుల్లో పూండి ఉన్న ఉద్దానం సీమలో కొబ్బరికాయ ఇస్తే కొట్లో సరుకు ఇచ్చేవారు. సన్యాసమ్మకు భర్త పోయాడు, పిల్లలు లేరు, కొబ్బరిచెట్లు పన్నెండు మిగిలాయి. పొద్దున్నే ఒక కాయ తీసుకుని పోలారావు కొట్టుకు వెళ్ళి ఉప్పో కారమో తెచ్చుకునేది. ఇంటికొచ్చాక చింతపండు మరిచిపోయినట్టు గుర్తొచ్చేది. మధ్యాహ్నం ఇంకో కాయతో మళ్ళీ బయలుదేరేది. కొట్టు బల్ల మీద వీధివైపు తిరిగి కూర్చుని, పోలారావు చింతపండు తెచ్చేలోగా ఊరి సంగతులన్నీ చెప్పేది. రోజు మొత్తానికి ఆమె మాట్లాడే మాటలవే. ఈ మతిమరుపు పందొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ తప్పలేదు.

గొడుగుల నుంచి లాంతరు గాజుల దాకా దొరికే ఆ కొట్టును మూసేస్తున్నానని ఒక వేసవిలో పోలారావు ప్రకటించాడు. కారణం మోకాళ్ళన్నాడు. అంత పెద్ద సంగతికి అంత చిన్న కారణం ఊరికి నచ్చలేదు.

"మోకాళ్ళు నొప్పెడితే తైలం రాసుకుంతారు గానీ కొట్టు మూసేత్తారేటి? పలాసలో కొత్త కొట్టెడతాడు, సూడు," అంది పొరుగింటి నీలమ్మ.

సన్యాసమ్మ అనుమానం వేరు. తన వాగుడు భరించలేకే మూసేస్తున్నాడేమో. ఈ మాట ఎవరితోనైనా చెప్పుకుందామంటే, చెప్పుకోవడానికి ఉన్నది పోలారావు ఒక్కడే.

ఆఖరి రోజు మధ్యాహ్నం కాయ ఒళ్ళో పెట్టుకుని అడిగేసింది.

"నిజం సెప్పు బావా. నానొచ్చి కూకుంతన్నాననేనా?"

"నువ్వు రాకపోతే నాకేటి తోస్తాదే? మోకాళ్ళని సెప్పాను కదా. ఇచ్ఛాపురం వచ్చీమని మా కూతురు కబురెట్టింది."

"కూకునే బేరానికి మోకాళ్ళతో పనేటి?"

పోలారావు తక్కెడ సర్దాడు. "ఏటి కావాల?" అన్నాడు.

"సింతపండు మర్సిపోనాను."

"తెలుసు."

ఆ రోజు ఆమెకు వీధి చూడబుద్ధి కాలేదు. లోపలికి తిరిగి కూర్చుంది. పోలారావు స్తంభం పట్టుకుని లేవబోయి కూలబడ్డాడు. మూడోసారికి లేచాడు. మూలనున్న నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టుకుంటూ ఎక్కసాగాడు.

చింతపండు కుండ పందొమ్మిదేళ్ళుగా అటక మీదే ఉంది.