తెప్ప కార్పియో రెండో పళ్లెం

మకారియా తుపిగ్ పొట్లం పట్టుకుని ఎవరింటి మెట్లెక్కినా ఆ ఇంటివాళ్ల గుండెల్లో రాయి పడేది. తుపిగ్‌కి వంక పెట్టడానికేమీ లేదు. బియ్యప్పిండిలో కొబ్బరి కలిపి, అరటాకులో చుట్టి, నిప్పుల మీద ఆవిడ కాల్చినట్టు ఇలోకోస్ సీమలో ఇంకెవరూ కాల్చలేరు. భయమల్లా తిన్న తర్వాత ఆవిడ అడిగే ప్రశ్నల గురించే.

ఆవిడ పని శవం పక్కన కూర్చుని, పోయిన మనిషి బతుకంతా పాడుతూ ఏడవడం. తల్లి దగ్గర నేర్చుకుంది. తల్లి పెట్టిన షరతు ఒక్కటే, పాటలో అబద్ధం ఉండకూడదు. ఊరు వినకపోయినా పడుకున్నవాడు వింటాడట. మనిషి పోయాక వెళ్లి అడిగితే కొడుకులు పొగుడుతారు, కోడళ్లు ముక్కు చీదుతారు, పాటకి పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకదు. అందుకని మకారియా ముందే వెళ్లి, ప్రాణం ఉన్నవాళ్ల నోటినుంచే రాబట్టేది. చెప్పిన మాట ఆ మనిషి పోయి, శవం ఇంట్లో ఉన్నన్నాళ్లూ గుమ్మం ముందు కాల్చే చావుదుంగ అంటుకునేదాకా బయటికి రాదని ఒట్టు పెట్టేది. ఆ ఒట్టు ఎప్పుడూ తప్పలేదు.

చిక్కేమిటంటే, ఎనభై దాటినవాళ్ల దగ్గరికే వెళ్తుంది కాబట్టి, ఆవిడ వెళ్లొచ్చిన ఏడాదికో రెండేళ్లకో ఆ ఇంటి ముందు దుంగ కాలేది. వయసు సంగతి ఊళ్లోవాళ్లు మర్చిపోయారు, పొట్లాన్ని మాత్రం గుర్తుపెట్టుకున్నారు.

"మనాంగ్ మకారియా, మా అమ్మ పొలానికెళ్లిందండీ," అనేవాళ్లు అక్క వరసలో మర్యాదగా పిలిచి, తొంభై ఏళ్ల తల్లిని వంటింట్లో దాచి.

"మీ అమ్మ కాళ్లు కనపడుతున్నాయి లేవోయ్," అని పొట్లం గుమ్మంలో పెట్టి ఆవిడ వెళ్లిపోయేది. మర్నాడు మళ్లీ వచ్చేది. ఎవరి గురించైనా తెలియనిది ఒకటి మిగిలిపోతే ఆవిడకి తిండి సహించదు. దాన్ని భక్తి అనుకున్నవాళ్లున్నారు, యావ అన్నవాళ్లున్నారు. ఆవిడ మాత్రం రెండూ కాదనేది.

అలాంటి మకారియాని ఐదేళ్లపాటు తిప్పించుకున్నవాడు తెప్ప కార్పియో ఒక్కడే. నది మీద వంతెన రాకముందు ముప్పై ఏళ్లు వెదురు తెప్ప నడిపాడు. డెబ్భై దాటినవాళ్లలో ఆయన తెప్ప ఎక్కకుండా పెళ్లికీ, పురిటికీ, పొగాకు అమ్మకానికీ అవతలి ఒడ్డుకి వెళ్లినవాళ్లు లేరు. పెళ్లి చేసుకోలేదు. ఎనభై తొమ్మిదేళ్లొచ్చాయి, మేనకోడలి ఇంట్లో ఉంటున్నాడు. ఇంతవరకూ అందరికీ తెలుసు.

తెలియనిది ఆ రెండో పళ్లెం. ఏటా నవంబరులో, పోయినవాళ్లకి అన్నం పెట్టే రోజున, ఆయన రెండు పళ్లేలు సర్దుతాడు. ఒకటి తల్లికి. రెండోది ఎవరికో చెప్పడు. దాంట్లో బెల్లం అన్నం, ఉడికించిన గుడ్డు, చిన్న గ్లాసుడు చెరుకు సారా, ఒక పొగచుట్ట. కొండలవతల కగాయాన్‌లో దాచిన పెళ్లానికని కొందరు. పుట్టగానే పోయిన కవలకని కొందరు. పొగాకు బ్యారన్ దగ్గర కూర్చునే సోమరులైతే ముసలాడు తనకి తానే ముందస్తుగా పెట్టుకుంటున్నాడని తేల్చేశారు.

"రెండో పళ్లెం ఎవరికి, అపో?" అని పెద్దాయన్ని గౌరవంగా పిలుస్తూనే మకారియా అడిగేది.

"ఈసారి కొబ్బరి తగ్గించావేంటి?" అనేవాడు కార్పియో.

"తగ్గించలేదు. మీ నాలిక మొద్దుబారింది. ఎవరికి?"

"ఇంకోటి ఇటివ్వు. చూడు మకారియా, నీకు చెప్పినవాళ్లందరూ కొండ మీద పడుకున్నారు. నాకింకా అక్కడ పనేం లేదు. నువ్వొచ్చినప్పుడల్లా తింటాను, చెప్పను. అలా వందేళ్లు లాగేస్తా."

ఐదేళ్లు అలాగే లాగాడు. ఆరో ఏడు అక్టోబరులో మెట్ల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నవంబరులో చాప మీంచి లేవలేకపోయాడు. మేనకోడలు వాళ్లమ్మమ్మ పేరు చెప్పి ఒక పళ్లెం పెట్టింది. రెండోది ఎవరి పేరున పెట్టాలో తెలియదు కాబట్టి పెట్టలేదు. ముసలాయన అది చూసి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు మేనకోడలు కళ్లు తుడుచుకుంటూ మకారియా ఇంటికొచ్చింది.

"మామయ్య రమ్మంటున్నాడు, మనాంగ్. పొట్లం కూడా తెమ్మన్నాడు."

తనంతట తాను కబురు పెట్టినవాడు ఈ ఊళ్లో లేడు. పొట్లంతో వెళ్తున్న మకారియాని చూసి వీధిలోవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు. ఆవిడకి మాత్రం, చెప్పడానికి సిగ్గే గానీ, సంతోషంతో కాళ్లు నేల మీద నిలవలేదు.

కార్పియో ఆ రోజు తుపిగ్ ముట్టుకోలేదు.

"నేను పోయాక ఆ పళ్లెం నువ్వు పెడతావా?" అన్నాడు.

"పేరు తెలియకుండా ఎలా పెట్టను? పేరు పెట్టి పిలవకపోతే వీధిలో పోయే దయ్యాలన్నీ వచ్చి కూర్చుంటాయి."

"దొమింగా."

మకారియా చేతిలో అరటాకు మడత ఆగిపోయింది.

యాభై ఒక్కేళ్ల క్రితం వరదలో కార్పియో తెప్ప మోకు తెగింది. ఏడుగురిలో ఆరుగురు ఒడ్డు చేరారు. పందొమ్మిదేళ్ల దొమింగా కొట్టుకుపోయింది. ఇంకో పదిహేను రోజుల్లో పెళ్లి. శవం దొరక్కపోతే వాళ్లమ్మ ఖాళీ పెట్టె మీద పడి ఏడ్చింది. అప్పుడు మకారియాకి పదిహేనేళ్లు, పాడుతున్న తన తల్లి పక్కన కూర్చుని ఆ పాట విన్నది. తప్పు మోకుదన్నారు, వరదదన్నారు. కార్పియోని ఎవరూ ఒక్క మాట అనలేదు.

"ఎవరికీ తెలియంది ఒకటుంది," అన్నాడు కార్పియో. "ఆ పిల్ల చెయ్యి నా చేతిలో ఉంది. ఈ చేత్తో తెప్ప గెడ పట్టుకున్నా, ఈ చేత్తో ఆ పిల్లని. చాలాసేపే పట్టుకున్నా. తర్వాత లేదు. జారిందో, ఆ పిల్లే లాక్కుందో, నేనే వదిలేశానో తెలీదు. భయమేసింది, అది మటుకు గుర్తుంది. వాళ్లమ్మకి చెప్పలేదు. నీ పాటలో అబద్ధం ఉండదు కదా. మరి ఇదెలా పాడతావు? నేను వదిలేశానా, వదల్లేదా? యాభై ఏళ్లుగా ఈ చేతినే అడుగుతున్నా."

మకారియా తల దించుకుని అరటాకు మడతపెడుతూనే ఉంది, ముఖం కనపడనివ్వకుండా. ఎందుకంటే జవాబు ఆవిడకి తెలుసు.

మూడేళ్ల కిందట, నది సముద్రంలో కలిసే చోట, ఉప్పు వండుకునే ఒక ముసలామె, ఎనభై రాకపోయినా, తనే పిలిచి తన పాట కోసం తన కథ చెప్పుకుంది. ఆమే దొమింగా. దిగువన ఒక చింతకొమ్మ పట్టుకుని బతికి, ఎటూ పోయిందనే అనుకుంటారు కదా అని, మనసిచ్చినవాడితో కగాయాన్ వెళ్లిపోయింది. అతను పోయాక అతని అన్నదమ్ముల ఊరికి తిరిగొచ్చింది. ఖాళీ పెట్టె మీద ఏడ్చిన తల్లికి ముఖం చూపించలేక నది పైకి ఒక్కసారీ రాలేదు. తను బతికుండగా ఈ మాట ఆ ఊరు చేరకూడదని ఒట్టు వేయించుకుంది. తెప్ప గురించి ఆమె అన్నది మకారియాకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "తెప్పాయన నా మొహంలోకి చూస్తూనే వదిలేశాడు. తప్పు పట్టను. ఆయన కూడా బతకాలి కదా."

ఈయనకి నిజం చెప్పాలంటే ఆమెకిచ్చిన ఒట్టు తప్పాలి. తప్పి చెప్పినా ఏం చెప్పాలి? ఆ పిల్ల బతికే ఉంది అపో, మీరు మాత్రం వదిలేసిన మాట నిజమే, అని చెప్పాలా? జన్మలో మొదటిసారి మకారియాకి ఒక సంగతి తెలియకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఆలోచించి వస్తానని చెప్పి లేచింది. కార్పియో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు అడగలేదు, ఆ తత్తరపాటులో తనూ పెట్టలేదు. ఆ ఒక్క సందు పట్టుకుని మర్నాడు సముద్రం వైపు వెళ్లే జీపు ఎక్కింది.

దొమింగా పొయ్యి దగ్గర ఉప్పు బాన కలుపుతోంది. డెబ్భై ఏళ్ల మనిషి, నోట్లో చుట్ట. మకారియా చేతిలో పొట్లం చూసి, "మళ్లీనా? ఒకసారి చెప్పాక కూడా చావలేదని చూడ్డానికొచ్చావా?" అంది.

"నీకు నది పై ఊళ్లో ఒకాయన ఏటా పళ్లెం పెడుతున్నాడు, మనాంగ్."

దొమింగా గరిటె ఆపింది. కథంతా విన్నాక ముందు నవ్వొచ్చిందామెకి.

"నాకా? ఏం పెడతాడు?"

"బెల్లం అన్నం. గుడ్డు. సారా. చుట్ట."

"చుట్ట తాగుతానని ఆయనకెలా తెలుసు? మా అమ్మకే తెలీదు."

"ఆ రోజు తెప్ప మీద ఆయన్నే నిప్పు అడిగావట."

దొమింగా నవ్వు అక్కడితో ఆగింది. అడుగున ఉప్పు మాడుతున్న వాసన వస్తున్నా కలపలేదు. చివరికి పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లింది.

"నన్ను ఉప్పు అమ్ముకునేదానిలా తీసుకెళ్లు. మా అన్న ఇంకా ఉన్నాడా?"

"ఉన్నాడు. ముక్కు మీద కోపం కూడా అలాగే ఉంది."

తల మీద బుట్ట పెట్టుకుని ఉప్పు మనిషి వీధిలో నడిచొస్తే ఎవరు చూస్తారు? ఎవరూ చూడలేదు. మేనకోడలు అరకిలో ఉప్పు బేరం కూడా చేసింది. మకారియా ఆమెని ఏదో పని మీద బయటికి పంపి, దొమింగాని చాప దగ్గర కూర్చోబెట్టి, ఇదిగో అపో, దొమింగా, అంది.

కార్పియో ఆమెని తేరిపార చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"తీసుకెళ్లడానికొచ్చావా?"

"లేదపో. జీపులో వచ్చాను. సాయంత్రం జీపుకి వెళ్లిపోవాలి."

ఆయన చెయ్యి చాచి ఆమె మోచెయ్యి పట్టుకుని చూశాడు. వెచ్చగానే ఉంది. అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో గానీ కోపం వచ్చిందాయనకి.

"మరి యాభై ఏళ్లు నా అన్నం ఎవరు తిన్నట్టు?"

"మీ కోళ్లు తినుంటాయి," అంది దొమింగా.

మకారియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కార్పియో నవ్వలేదు. ఆమె మోచెయ్యి వదలకుండానే, గొంతు తగ్గించి, అడగాల్సింది అడిగాడు.

"ఆ రోజు నేను వదిలేశానా?"

దొమింగా ఆయన ముఖంలోకి నేరుగా చూసింది.

"మీరెక్కడ వదిలారు? ఎంత లాగినా వదల్లేదు. పెళ్లి తప్పించుకోడానికి అంతకన్నా మంచి తరుణం దొరకదని నేనే లాక్కున్నా. మీ వేలు కొరికితే గానీ రాలేదు."

కార్పియో తన కుడిచెయ్యి కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఒక్కో వేలూ తిప్పి చూసుకున్నాడు.

"ఏ వేలు?"

"నీళ్లల్లో ఏ వేలో ఎవరు చూశారపో?"

ఆయన అప్పుడు ఏడ్చాడు. పెద్దగా, సిగ్గుపడకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత తుపిగ్ ఏదని అడిగి రెండు తిన్నాడు.

సాయంత్రం జీపు కోసం వంతెన దగ్గర నిలబడ్డప్పుడు మకారియా నోటిదాకా వచ్చిన ప్రశ్నని దొమింగా కనిపెట్టే ఉంటుంది. నాతో చెప్పిందా నిజం, ఆయనతో చెప్పిందా? ఇరవై ఏళ్ల కిందట ఎవరు ఎవరి కోడిని దొంగిలించారో కూడా తేల్చుకోనిదే నిద్రపోని మనిషి మకారియా. బుట్ట ఎత్తి జీపులో పెట్టింది, ఉప్పు ఏం ధర పలుకుతోందని అడిగింది. అంతకుమించి అడగలేదు.

ఫిబ్రవరిలో పొగాకు కోతల మధ్య కార్పియో గుమ్మం ముందు దుంగ కాలింది. మకారియా దొమింగాకి జీపు డ్రైవరుతో కబురు పంపింది, రమ్మని మాత్రం అనలేదు. ఊరంతా వచ్చింది. దొమింగా అన్న ముందు వరసలో కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. మకారియా తల మీద ముసుగు లాక్కుని మొదలుపెట్టింది. ఓ అపో, తల్లికి ఎనిమిదో బిడ్డవి. ఓ అపో, పన్నెండేళ్లకే గెడ పట్టినవాడివి. మా పెళ్లిళ్లకి దాటించావు, మా పురుళ్లకి దాటించావు, పైకం లేనివాళ్లని ఊరికే దాటించావు. అలా పాడుతూ పాడుతూ వరద దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

తర్వాత రావాల్సింది దొమింగా పేరు, ఆమె చెప్పిన మాట. ఆమే చెప్పిందని పాడితే బతికున్న మనిషికిచ్చిన ఒట్టు పోతుంది. చెప్పకపోతే ఆ చెయ్యి సంగతి కార్పియోతోపాటు మట్టిలో కలిసిపోతుంది, అంత ఏడుపు ఏడ్చి నిమ్మళపడ్డ మనిషి పాటలో ఆ నిమ్మళమే ఉండదు. ముసలిదయ్యింది, మర్చిపోయిందని ఎవరో గొణిగారు. మకారియా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

వెనక, గోడ వారగా, ఉప్పుబుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడింది. తల మీది తువ్వాలు తీసేసింది.

"దొమింగా అని పాడు, మకారియా," అంది గట్టిగా. "ఆయన వదల్లేదు, చెయ్యి లాక్కుంది దొమింగా అని పాడు. నేనే చెప్తున్నా."

ముందు వరసలో కర్ర కింద పడింది. ముసలి అన్న వెనక్కి తిరిగి చూస్తున్నాడు. దొమింగా ఆయన వైపు చూడలేదు, కూర్చోనూ లేదు. మకారియా గొంతు సవరించుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు పాడింది.