కింది నుంచి కోసిన కుర్చీ

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, మా పత్రిక నన్ను పాతబస్తీ జోన్ పేజీలకు ఇన్‌ఛార్జిగా వేసింది. హోదా చీఫ్ సబ్ ఎడిటర్. ఫలక్‌నుమా నుంచి మలక్‌పేట దాకా విలేకరులు పంపిన వార్తలు చదివి, దిద్ది, శీర్షికలు పెట్టి, రెండు పేజీల్లో సర్దించి, సాయంత్రం ఏడున్నరకల్లా ముద్రణకు వదలాలి. మధ్యాహ్నం ఒంటి గంటకు కూర్చుంటే ఆ రెండు పేజీలు వెళ్లేదాకా లేవడం కుదరదు. డెస్కు ఉద్యోగమంటే బయటివాళ్లకు రాత పని. నిజానికి అందులో సగం కూర్చునే పని.

ఆ పని అప్పటికి ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నాను. ఆగస్టులో ఒకరోజు పేజీలు వదిలి లేవబోతే నడుము లేవలేదు. ఇద్దరు సహోద్యోగులు చెరో భుజం పట్టి లిఫ్టు దాకా తీసుకెళ్లారు. వెన్నుపూసల మధ్య రెండు చోట్ల ఒత్తిడి పడిందని, మూడు వారాలు సెలవు పెట్టమని డాక్టర్ చెప్పారు. మొదటి వారం పడుకోవాలి. తర్వాత నిలబడవచ్చు, నడవవచ్చు. మెత్తటి కుర్చీల్లో కూరుకుపోయి కూర్చోవడం మాత్రం మానాలి.

రెండో రోజే మా న్యూస్ ఎడిటర్ ఫోన్ చేశారు. ఆయన మంచివాడే, కానీ పేజీ ఆలస్యమైతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆయనే. ఒకటో తేదీన వచ్చి షిఫ్టంతా కూర్చోగలిగితే పేజీలు నాకే ఉంటాయనీ, లేకపోతే లైబ్రరీకి మారుస్తాననీ చెప్పారు. పత్రికాఫీసులో లైబ్రరీ అంటే పాత సంచికలు బైండు చేయించి, అడిగినవాళ్లకు తీసిచ్చే విభాగం. గౌరవమైన చోటే. అయితే అక్కడికి వెళ్లిన సబ్ ఎడిటర్ మళ్లీ పేజీ మీదికి రావడం నేను చూడలేదు.

ఆఫీసు కుర్చీలు చక్రాలవి. కూర్చోగానే స్పాంజి గిన్నెలా గుంట పడేది. కొత్తది కావాలంటే ఇండెంటు రాయాలి. అది పరిపాలన విభాగంలో మూడు సంతకాలు దాటేసరికి నా సెలవు కాదు, సర్వీసే అయిపోయేలా ఉంది. దుకాణాల్లో చూద్దామా అంటే నేను పొట్టివాణ్ణి. ఏ కుర్చీలో కూర్చున్నా పాదాలు నేలకు పూర్తిగా ఆనవు. మా శాలిబండ ఇంటికి తలుపులు చేసిన నర్సింహాచారి గుర్తొచ్చింది నా భార్య విమలకే. ఫలక్‌నుమాలో రైల్వే స్టేషన్‌కు కాస్త అవతల, వెల్డింగు షాపుల వరసలో అతని కార్ఖానా.

రెండో వారం మొదట్లో వెళ్లి సంగతి చెప్పాను. అతను ఓ చౌకటికి, అంటే ద్వారబంధానికి, చెక్క నునుపు చేసే రంద పడుతూనే విన్నాడు.

“గంటలకు గంటలు కూసునుడు గూడ పనేనా సారూ?” అన్నాడు. “నాకు చౌకట్లే ఒడుస్తలేవు. గా మూలకు జాగున్నది. మీరే చేసుకోండ్రి, నేను చూపెడ్త. డాక్టర్ నిలవడుమన్నడంటిరి గద, నిలవడి రంద పట్టుండ్రి.”

వెక్కిరింపనుకున్నాను కానీ అతను నిజంగానే అన్నాడు. పాత ఇల్లు కూల్చినప్పుడు కొన్న టేకు చెక్క తీసిచ్చాడు. పెద్ద కోతలు మిషన్ మీద తనే కోశాడు. గీతలు గీయడం, రంద పట్టడం, ఉలితో గాడి తీసి కొసలు కూర్చడం నా వంతు.

కొలతలు ఇంట్లోనే తీసుకున్నాం. ఇలాంటి కుర్చీకి ముఖ్యమైనవి మూడు. మోకాలి మడత నుంచి నేల దాకా ఉన్నది కుర్చీ ఎత్తు. పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా ఉన్నది కూర్చునే పలక లోతు. కూర్చున్నప్పుడు మోచేయి ఎంత ఎత్తున ఉంటుందో దాన్నిబట్టి, కీబోర్డు పెట్టే బల్లకు కుర్చీ సరిపోతుందో లేదో తెలుస్తుంది. విమల టేపు పట్టుకుంది. నేను గోడకు వీపు ఆనించి నిటారుగా కూర్చున్నాను.

“ఫోటో దిగుతున్నరా ఏంది? మామూలుగ కూసోండ్రి” అంది.

కొలతకు అలాగే కూర్చోవాలని గట్టిగా చెప్పాను. కొలతలు పట్టుకెళ్తే, ఉత్త కాళ్లతోనా చెప్పులతోనా అని చారి అడిగాడు. డెస్కువాళ్లం చెప్పులు బల్ల కిందికి తోసి కూర్చుంటామని చెప్పాను. ఆ ఒక్క సంగతి సరిగ్గానే చెప్పాను.

పది రోజులకు కుర్చీ నిలబడింది. చేతులు లేవు, చక్రాలు లేవు. పలక కొద్దిగా గుంటగా చెక్కింది. వెనక రెండు నిలువు కర్రల మధ్య అడ్డంగా ఒక వెడల్పాటి వీపు బద్ద. ఒకటో తేదీకి ఇంకా మూడు రోజులుంది. చారి ఆ రోజు బహదూర్‌పురాలో తలుపులు బిగించడానికి పోయాడు. నేను ఒక చెక్కను ఆఫీసులో కీబోర్డు ఉండే ఎత్తున పెట్టుకుని, కుర్చీలో కూర్చుని పేపరు దిద్దుతూ పరీక్షించాను. పావుగంటకే తొడల కింద తిమ్మిరెక్కింది. మడమలు లేచిపోతున్నాయి.

కుర్చీ ఎత్తు ఎక్కువైందని తేల్చేశాను. ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. వార్తలో ముఖ్యమైనది ముందు రావాలి, అంతకంటే తక్కువది తర్వాత. అలా రాయమని విలేకరికి మొదటి రోజే చెబుతాం. పేజీలో చోటు చాలకపోతే సబ్ ఎడిటర్ కింది నుంచి కోసుకుంటూ వస్తాడు. చివరి పేరా చదవకుండా కోయగలిగినవాణ్ణి డెస్కులో వేగం ఉన్నవాడంటారు. నాకు ఆ పేరు బాగానే ఉండేది. కుర్చీని తలకిందులు చేసి, నాలుగు కాళ్లకూ అంగుళం చొప్పున గీత గీసి, కోసేశాను. కుర్చీ ఏమాత్రం ఊగకుండా నాలుగూ సమానంగా వచ్చినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

కూర్చుంటే పాదాలు ఆనాయి. తిమ్మిరి పోలేదు. పైగా మోచేతులు బల్ల కిందికి దిగి, భుజాలు చెవుల దాకా లేచాయి. ఇంకో అరంగుళం కోద్దామా అని రంపం తీసేసరికి చారి వచ్చాడు. నేల మీది చెక్క ముక్కలు నాలుగూ ఏరి చూసుకున్నాడు.

“ఎవలు కోసిండ్రు?”

నేనేనని చెప్పాను.

“కాళ్లేం తప్పు జేసినయి సారూ?” అంటూ నన్ను కూర్చోబెట్టి, పలక అంచుకూ నా మోకాలి మడతకూ మధ్య వేళ్లు దూర్చబోయాడు. ఒక్క వేలు కూడా దూరలేదు. “ఈడ మూడు వేళ్ల సందుండాలె. లోతెక్కువైంది, ఎత్తు గాదు. అంచు తొడను నూకుతుంటె కాళ్లు లేవక ఏం జేస్తయి? మీ పేపర్ల గూడ గిట్లనే కోస్తరా?”

ఇలాగే కోస్తామని ఒప్పుకున్నాను. వెల్డింగు షాపు ఖాజా భాయ్ చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి వింటున్నాడు. “చారీ, సార్‌కు రంపం ఇయ్యకు. రేపు నీ చౌకట్లు గూడ పొట్టిగైతయి” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మూడు రోజుల్లో మరో కుర్చీ చేయడం అయ్యే పని కాదు.

చారి వెంటనే పనిముట్లు తీయలేదు. ముందు నన్ను పని చేసుకోమన్నాడు. నేను పేపరు ముందు పెట్టుకుని నిజంగానే దిద్దడం మొదలుపెట్టాను. అతను బీడీ అయిపోయేదాకా పక్కనుంచి చూశాడు.

“మీరు వెనుకకు ఒరుగుతనే లేరు సారూ. కాయితం మీదికి పోతున్నరు. వీపు బద్ద ఆడనే ఉన్నది, మీరు ఈడున్నరు. గింత జాగల ఎవలు కూసున్నరు, మీ తాతనా?”

నేను కొలిచింది గోడకు ఆని కూర్చున్న మనిషిని. షిఫ్టులో కూర్చునే మనిషి వేరు. అతనికి ముందుకు వంగే అలవాటుంది, ఆ వంపుకు నడుము దగ్గర ఆసరా కావాలి. నేను రంపంతో కోయాలనుకున్న చోట కోయాల్సిందేమీ లేదు. చారి వీపు బద్ద ఊడదీయించి, వెనక రెండు దిమ్మలు పెట్టించి, దాన్ని మూడు వేళ్లు ముందుకు, నాలుగు వేళ్లు కిందికి తెప్పించాడు. దాంతో పలక లోతు తగ్గింది, నడుముకు సరిగ్గా నొప్పి ఉన్న చోట బద్ద ఆనింది. పోయిన అంగుళం కోసం ముందు కాలికీ వెనక కాలికీ కలిపి అటొకటి ఇటొకటి అడుగున బద్దలు బిగించాం. రంగు కలవలేదు. పాత టేకు అయిపోయి వేరే చెక్క వాడాల్సి వచ్చింది.

ఒకటో తేదీన కుర్చీని ఆటోలో వేసుకుని వెళ్లాను. బయటి ఫర్నిచరు లోపలికి తేవాలంటే అనుమతి లేఖ కావాలని గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. న్యూస్ ఎడిటరే కిందికి వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టారు. డెస్కులో గోల మొదలైంది. “అన్నా, సింహాసనం సరే, కిరీటం ఏది?” అన్నారొకరు. “పాదరక్షలు మేము మోస్తం తీ” అన్నారింకొకరు.

మొదటి రెండు గంటలు బాగా గడిచాయి. మూడో గంటలో నొప్పి వచ్చింది, కానీ కూర్చోలేనంత కాదు. లేచి నీళ్లు తాగి వచ్చాను. అంతకు ముందు ఎప్పుడూ మధ్యలో లేవలేదు. న్యూస్ ఎడిటర్ అద్దాల గదిలోంచి రెండుసార్లు నా వైపు చూడటం గమనించాను. ఆరున్నరకు ఒక వార్త పన్నెండు పంక్తులు ఎక్కువైంది. బస్తీలో ఒక ప్రభుత్వ పాఠశాల పైకప్పు పెచ్చులు ఊడిన వార్త. చేయి అలవాటుగా చివరి పేరా మీదికి వెళ్లింది. ఎందుకో ఆగి చదివాను. సోమవారం నుంచి తరగతులు పక్క వీధిలోని మరో భవనంలో జరుగుతాయని, పిల్లలను అక్కడికే పంపాలని అందులో ఉంది. మధ్యలో ఒక నాయకుడు పరామర్శించిన రెండు పేరాలు తీసేసి, ఆ చివరిది ఉంచాను. పేజీలు ఏడు ఇరవై అయిదుకు వెళ్లాయి. న్యూస్ ఎడిటర్ వచ్చి, రేపు ఆదివారమైనా రావాలని మాత్రం చెప్పారు. లైబ్రరీ మాట మళ్లీ ఎత్తలేదు.

మిగిలిన సర్వీసంతా ఆ కుర్చీలోనే, ముప్పావుగంటకోసారి లేస్తూ, పేజీలు చేశాను. నడుము పూర్తిగా బాగుపడలేదు. పని ఆగలేదు. సొంతంగా కుర్చీ చేసుకోవాలనుకుని ఎవరైనా అడిగితే, కొలతల కంటే ముందు పని చేసేటప్పుడు ఎలా కూర్చుంటారో మరొకరిని పక్కనుంచి చూడమనండి అని చెబుతాను. ఇబ్బంది ఒక చోట బయటపడుతుంది, లోపం మరో చోట ఉంటుంది.

కుర్చీ కాళ్లకు బద్దలు బిగించి పోయిన అంగుళం తిరిగి తెచ్చుకున్నాం. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు నేను చదవకుండా కోసేసిన చివరి పేరాలకు అలాంటి వీలు లేదు.