హంసిక అడిగిన జీతం

మా అమ్మాయి దియ ఛాతీలో, చర్మం కింద, ఒక చిన్న పోర్టు ఉంది. కీమో మందు ఎక్కించాలంటే దానిలోకి సూది గుచ్చాలి. ఐదేళ్ల పిల్ల ఆ సూదిని హంసిక చేత తప్ప ఇంకెవరి చేతా గుచ్చించుకోదు.

హంసిక పుట్టి పెరిగింది ఇక్కడే, అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుగా చేరి ఆరేళ్లయింది. నేను కార్ల రంగులు తయారుచేసే ల్యాబ్‌లో కెమిస్టుని. మందు కొలత నేనూ ఒకసారి లెక్క వేసుకుంటే గాని ఊరుకోలేను. ఆమె ఏనాడూ విసుక్కోలేదు. "చెక్ చేయండక్కా, మంచిదే" అని సంచీ మీది లేబుల్ నా వైపు తిప్పేది.

ఒకసారి మా అత్తగారు కూడా ఆస్పత్రికి వచ్చారు. మందు ఎక్కుతుండగా హంసికను మెల్లగా అడిగారు.

"జీతమెంతిస్తారమ్మా?"

నాకు తల కొట్టేసినట్టయింది. హంసిక నవ్వింది.

"మా డాడీ కూడా అదే అడుగుతారు, అమ్మమ్మా. ఇయర్‌కి ఎయిటీ ఎయిట్ థౌజండ్ డాలర్స్. వీకెండ్ చేస్తే కొంచెం ఎక్స్‌ట్రా. అన్నయ్యది డబుల్. వాడు కూర్చునే చేస్తాడు."

"నిలబడే వాళ్లకంటే కూర్చునే వాళ్లకే ఎక్కడైనా ఎక్కువ," అన్నారు అత్తగారు.

"నాకూ కూర్చునే జాబ్ వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ, ఇంటి నుంచే. ట్వెంటీ థౌజండ్ ఎక్కువ. ఫ్రైడే లోపు చెప్పాలి."

దియకు ఇంకా ఏడాదిన్నర చికిత్స ఉంది. వెళ్లొద్దన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట అనే హక్కు నాకెక్కడిది?

"వెళ్తావా?" అన్నారు అత్తగారు.

"తెలీదు. మొన్న గ్రోసరీ స్టోర్లో ఒక పొడుగు అబ్బాయి హాయ్ చెప్పాడు. గుర్తుపట్టలేదు. మా వార్డులో ఉన్నప్పుడు వాడికి జుట్టు లేదు కదా. ఇప్పుడు బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడంట. ఇన్సూరెన్స్ వాళ్లు అది ఇవ్వరు. కానీ నాకూ రెంట్ ఉంది, నడుం నొప్పి ఉంది."

"మరి ఇక్కడే పెంచమని అడిగావా?"

"అడిగితే బాగుంటుందా?"

"అడగందే అమ్మయినా పెట్టదు. పిల్లల్ని చూసుకుంటున్నావని అన్నం మానేస్తావా?"

హంసిక అడిగింది. ఆ కంపెనీ పంపిన ఆఫర్ చూపించి మరీ అడిగింది. వార్డు మేనేజరు పన్నెండు వేలు పెంచి, కొత్త నర్సులకు కీమో పని నేర్పే బాధ్యత అప్పగించింది. శని, ఆదివారాలు సెలవు. ఇరవై రాకపోయినా హంసిక ఉండిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేర్పే మనిషి ఇక స్వయంగా గుచ్చే సూదులు తగ్గిపోతాయని మాత్రం నాకు తట్టలేదు.

తర్వాతిసారి దియ మంచం పక్కకు శ్రేయాస్ అనే కొత్త నర్సు వచ్చాడు, అతనూ తెలుగు కుర్రాడే. హంసిక చేతులు వెనక్కి కట్టుకుని గోడ దగ్గర నిలబడింది.

"నీకు వచ్చా?" అంది దియ అనుమానంగా.

"వచ్చు. హంసిక నేర్పింది. రాంగ్ చేస్తే తిడుతుంది."

"హంసిక ఆంటీ తిట్టదు."

"నిన్ను తిట్టదు. నన్ను తిడుతుంది."

దియకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేదాకా అతను ఆగి, సూది గుచ్చాడు. సిరంజిలోకి రక్తం వెనక్కి వచ్చింది. సూది సరిగ్గా పడిందనడానికి అదే గుర్తు. నేను ఊపిరి వదిలాను. గోడ దగ్గర హంసిక కూడా వదలడం వినబడింది.

"నెక్స్ట్ టైమ్ లెఫ్ట్ హ్యాండ్ కొంచెం లూజ్‌గా పెట్టు," అని అతనికి చెప్పి, ఆమె పక్క గదిలోకి వెళ్లింది. దియ అది గమనించలేదు. శ్రేయాస్‌కు తన బొమ్మల పేర్లు చెబుతోంది.